చెక్క పడవ అడుగున నీళ్లా? ముందు వాటి రుచి చూడండి

తిరుపతి నుంచి నాకు ఏడాదికి రెండు మూడు ఫోన్లయినా వస్తాయి. "అన్నా, తెరచాప పడవ ఒకటి అమ్మకానికి ఉంది. పాతదే గానీ బాగా చూసుకున్నారంట, ఏటా రంగు వేశారంట. కొని పులికాట్‌లో పెట్టుకుందామని ఉంది." కొన్న నెలకు మళ్లీ అదే నంబరు. "అన్నా, తెల్లారేసరికి అడుగున నీళ్లు నిలుస్తున్నాయి."

అప్పుడు నేను అడిగేది ఒకటే. ఆ నీళ్లు ఉప్పగా ఉన్నాయా, చప్పగా ఉన్నాయా? ఇంతవరకూ ఒక్కరూ వెంటనే జవాబు చెప్పలేదు. అందరూ టార్చి పట్టుకుని అడుగు చెక్కల్లో చిల్లు వెతికినవాళ్లే. శ్రీకాళహస్తి, తడ మీదుగా ఒడ్డుకు చేరగానే తేలిపోయే విషయానికి వారాల తరబడి టెన్షన్ పడతారు.

నీళ్లు తోడటం, పంపు నడపడం, పడవను ఒడ్డుకు లాగడం మీకు తెలుసనుకుని రాస్తున్నాను.

దించిన రోజే అన్ని అతుకుల్లోంచీ కారుతోంది

పడవ ఎన్నాళ్లు ఒడ్డున ఉందో అడగండి. వేసవంతా ఎండలో ఉంటే చెక్క ముడుచుకుని, పలకల మధ్య సందు తెరుచుకుంటుంది. ఇది జబ్బు కాదు. లోతు తక్కువ చోట నీళ్లలో వదిలేసి, మునిగిపోకుండా తోడుతూ ఉండండి. లోపల తడి గోనెసంచులు పరవండి. రెండు మూడు రోజుల్లో కారడం తగ్గాలి, వారం పది రోజుల్లో దాదాపు ఆగాలి.

ఈ లోపు మాత్రం సందుల్లో నూలు దట్టించకండి. ఎండిన సందులో గట్టిగా కుక్కేస్తే, చెక్క ఉబ్బినప్పుడు దానికి చోటు ఉండదు. పలక మేకులను లాక్కుని లోపలి వంపు కొయ్యల నుంచి విడిపోతుంది. ఓపిక పట్టి ఉంటే ఖర్చే లేని పనికి పలకలు మార్చాల్సి వచ్చిన పడవలు చూశాను.

కట్టేసి ఉన్నా రోజూ నీళ్లు చేరుతున్నాయి, చిల్లు మాత్రం కనబడదు

నన్ను బాగా దెబ్బతీసింది ఇదే.

కొన్నేళ్ల కిందట, ఆగస్టులో, పులికాట్ సరస్సు పక్కనున్న భీమునివారిపాళెం ఒడ్డున ఒక తెరచాప పడవ బాగు చేస్తున్నాను. బయట తెల్లరంగు అద్దంలా ఉంది. లోపల కూడా ఎక్కడా పెచ్చు లేవలేదు. అడుగున మాత్రం రోజూ రెండు మూడు బకెట్ల నీళ్లు. అడుగు దూలం, అంటే పడవ అడుగున ముందు నుంచి వెనక దాకా ఉండే పెద్ద కొయ్య, దాని పక్క సందులో పాత నూలు పీకి కొత్తది వేశాను, గుగ్గిలం పూశాను. ఆగలేదు. మళ్లీ పీకాను, మళ్లీ వేశాను. మూడుసార్లు అయింది. యజమాని డబ్బూ పోయింది, నా మాటా పోయింది.

ఒకరోజు నాతో పనిచేసే కుర్రాడు చేతికి అంటిన గుగ్గిలం వదిలించుకోవడానికి ఆ అడుగు నీళ్లతోనే సబ్బు రుద్దుకున్నాడు. "మామా, నురగ భలే వస్తోంది" అన్నాడు. అప్పటికి సరస్సు నీళ్లు బాగా ఉప్పగా ఉన్నాయి. వాటితో సబ్బు అంత నురగ రాదు. వేలు ముంచి నాలుకకు అద్దుకున్నాను. చప్పటి నీళ్లు. అది వాననీరు. సాయంత్రాలు పడే జల్లులు పైనుంచి లోపలికి దిగుతుంటే, నేను నెలరోజుల పాటు అడుగునే వెతికాను.

అది తెరచాప కొయ్య వెంట దిగుతోంది. కొయ్య పైచెక్కను, అంటే పడవను పైన మూసే చెక్కను, దాటి లోపలికి పోయే చోట చుట్టూ ఒక పట్టీ ఉంటుంది. అది ఎండకు పగిలి, వేలిగోరు పట్టేంత సందు ఏర్పడింది. వాన కొయ్య మీదుగా జారి, ఆ సందులో దూరి, కొయ్య మొదలు కూర్చునే గాడిలో నిండి, అక్కడి నుంచి అడుగుకు పారుతోంది. కింద నిలిచిన నీళ్లు తోడేస్తే పోతాయి. గాడిలో నిలిచిన తడే ప్రమాదం.

ఉప్పునీళ్లలో చెక్కను పుచ్చబెట్టే బూజు అంత తేలిగ్గా పెరగదు. పాతకాలంలో ఓడలు కట్టేవాళ్లు లోపలి కొయ్యల సందుల్లో ఉప్పు పోసింది అందుకే. వాననీళ్లు ఆ బూజుకు అమృతం. పైగా ఆ పడవకు లోపలా బయటా మందంగా ఎనామిల్ పట్టించి, టార్పాలిన్ పట్ట గాలి చొరకుండా బిగించి కట్టేవాళ్లు. దిగిన తడి బయటికి పోయే దారే లేదు. గాడి పక్కన స్క్రూడ్రైవర్ మొన ఆనించి, బొటనవేలితో కొద్దిగా నొక్కాను. రంగు పొర టప్పున పగిలింది, మొన పిడి దాకా దిగిపోయింది. బయటికి లాగితే మొనకు గోధుమరంగు పొడి. చేత్తో పెళ్లగిస్తే చిన్న చిన్న దిమ్మలుగా విరిగింది, వేళ్ల మధ్య నలిపితే పిండి అయింది. ఆ పైన రంగు మాత్రం కొత్త ఇంటి గుమ్మంలా మెరుస్తూనే ఉంది.

కాబట్టి నీళ్లు కనబడగానే వేలు ముంచి రుచి చూడండి, వెంటనే ఉమ్మేయండి. డీజిల్ వాసన వస్తుంటే నోట్లో పెట్టుకోకండి, సబ్బుతో చూడండి. లేదా నల్లటి పెనం మీద ఒక చెంచాడు పోసి ఎండబెట్టండి. ఉప్పునీళ్లయితే తెల్లటి మరక స్పష్టంగా మిగులుతుంది. ఏం చేసినా పక్కనే సరస్సు నీళ్లతోనూ అదే చేసి పోల్చండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు పడి, కాళంగి నది నీళ్లు వచ్చి కలిసినప్పుడు సరస్సులోనే ఉప్పు తగ్గిపోతుంది. ఒక్క నీళ్లే రుచి చూస్తే ఆ నెలల్లో మోసపోతారు.

చప్పటివని తేలితే, వాన లేని రోజు ఒకరిని లోపల టార్చితో కూర్చోబెట్టి, పైన ఒక్కో చోట నెమ్మదిగా నీళ్లు పోయండి. ముందు తెరచాప కొయ్య చుట్టూ, తర్వాత మూతల అంచుల్లో, చివరికి పైచెక్క పక్క పలకలను కలిసే గీత వెంట. ఒక్కో చోట పది నిమిషాలు ఆగండి, నీళ్లు దారి వెతుక్కుంటూ దిగడానికి టైం పడుతుంది.

దారి మూయడం సులువు. కొయ్య చుట్టూ పాత పట్టీ తీసి, పూర్తిగా ఆరాక కొత్తది బిగించండి. పుచ్చిన చెక్కను మాత్రం పుట్టీతో కప్పకండి. పుచ్చు కనబడే చోటు దాటి పన్నెండు అంగుళాలకు పైగా గట్టి చెక్కలోకి వెళ్లి కోసేయాలి. పలకకు అతుకు వేస్తే వాలుగా కోయండి, మందానికి కనీసం ఎనిమిది రెట్లు పొడవుండాలి. అంగుళం పలకకు 8 అంగుళాల వాలు. తర్వాత గాడి అడుగున నీళ్లు జారిపోయేలా చిన్న కాలువ చెక్కండి. ఎండాకాలంలో రోజూ సాయంత్రం పైచెక్క మీద ఉప్పునీళ్లు చల్లండి, సందులూ మూసుకుంటాయి, బూజూ పట్టదు. పట్ట కప్పితే రెండు చివర్లా గాలి ఆడేలా కప్పండి.

ఒరిగి పరిగెత్తేటప్పుడే నీళ్లు వస్తున్నాయి

మామూలుగా నీటికి పైన ఉండే పలకలు ఎండి ఉంటాయి, ఒరిగినప్పుడు అవి మునుగుతాయి. బయలుదేరే ముందు రెండు మూడు రోజులు వాటిని తడపండి. అయినా తగ్గకపోతే, తెరచాప కొయ్యను పట్టి ఉంచే పక్క తాళ్లు మరీ బిగించారేమో చూడండి. అవి పక్కలను పైకి లాగుతాయి, కొయ్య అడుగును కిందికి తొక్కుతుంది, మధ్యలో అడుగు దూలం పక్క సందు నోరు తెరుస్తుంది. తాళ్లు సడలించి, ఆ సందులో నూలు మార్చండి.

రంగు మీద తుప్పు చారలు దిగుతున్నాయి

ఇనుప మేకులు తుప్పుపట్టి ఉబ్బుతున్నాయి. చుట్టూ చెక్క నల్లబడి మెత్తబడి ఉంటే ఆ మేకు ఇక పట్టదు. తీసి, రంధ్రంలో చెక్క బిరడా దిగ్గొట్టి, పక్కన కొత్త మేకు వేయండి. ఇనుము ఉన్న చోట రాగి మేకులు కలపకండి. ఉప్పునీళ్లలో రెండూ దగ్గరుంటే ఇనుము ఇంకా తొందరగా పోతుంది.

చెక్క తొలిచే పురుగు, అడుగు దూలం పగలడం లాంటివి కూడా ఉన్నాయి. అడుగు రంగు ఏటా వేసిన పడవలో పురుగు అరుదు. దూలం పగిలితే వెతకాల్సిన పనే లేదు, కళ్లకే కనబడుతుంది.

ఇంకా కొనని వాళ్లకు ఒక మాట. చూడ్డానికి వస్తున్నామని చెప్పేటప్పుడే, ఆ ముందురోజు నీళ్లు తోడొద్దని అడగండి. వెళ్లాక లోపలి నేల పలకలు ఎత్తించండి. వేలు ముంచి రుచి చూడండి. తర్వాత యజమాని అనుమతితో తెరచాప కొయ్య మొదట్లో, పైచెక్క మూలల్లో స్క్రూడ్రైవర్ పిడితో తట్టుతూ రండి. గట్టి చెక్క ఖంగున పలుకుతుంది, పుచ్చింది మొద్దుగా పలుకుతుంది. మొద్దుగా పలికిన చోట మొన ఆనించి నొక్కమని యజమానికే ఇవ్వండి. దిగితే, ఆ బాగుకయ్యే ఖర్చు ధరలో తీసేయమనండి. ఒప్పుకోకపోతే ఆ పడవ వదిలేసి వచ్చేయండి.