బటన్ వైపు చూడకుండా ఆడగలగాలి

మీరు చేసిన మొబైల్ గేమ్ కంట్రోల్స్ బాగున్నాయో లేదో ఏసీ గదిలో కూర్చుని ఆడితే తెలీదు. తిరుపతి బస్టాండులో చిత్తూరు బస్సెక్కండి, పక్క సీట్లో ఉన్న పిల్లకాయ చేతికి ఫోన్ ఇవ్వండి, ఎలా ఆడాలో మాత్రం చెప్పొద్దు. చంద్రగిరి దాటేలోపు సంగతి బయటపడుతుంది. మే నెల చెమట, గీతలు పడిన స్క్రీన్ గార్డు, బస్సు కుదుపులు, అన్నీ ఉంటాయి కదా. మీరు స్క్రీన్ చూడొద్దు, వాడి బొటనవేళ్లు చూడండి.

ఆడేవాడి కళ్లు బొమ్మ మీద ఉంటాయి, బటన్ మీద కాదు. అద్దం నున్నగా ఉంటుంది కాబట్టి బటన్ అంచు వేలికి తగలదు, ఆడేకొద్దీ వేలు జారుతూనే ఉంటుంది. అందుకే హీరోని నడిపే జాయ్‌స్టిక్‌ని, అంటే స్క్రీన్ మీద కనిపించే ఆ గుండ్రటి వలయాన్ని, ఒకచోట బిగించకండి. స్క్రీన్ ఎడమ సగంలో వేలు ఎక్కడ పడితే అక్కడ పుట్టాలి, వేలు వలయం దాటితే దాని వెంటే జరగాలి. లేదంటే వెనక్కి తిరగాలన్నప్పుడు వేలు అంత దూరం నడుమదాకా రావాలి, ఈలోపు హీరో గోతిలో ఉంటాడు. మధ్యలో చిన్న డెడ్ జోన్, అంటే వేలు కదిలినా పట్టించుకోని చోటు, కూడా పెట్టండి, వేలు వణికినప్పుడల్లా హీరో వణకకుండా.

బటన్ సైజుకి ఆండ్రాయిడ్ చెప్పేది 48 డీపీ (ఏ స్క్రీన్ మీదైనా ఇంచుమించు ఒకే సైజు వచ్చేలా పెట్టుకున్న కొలత), అంటే సుమారు 9 మిల్లీమీటర్లు, యాపిల్ చెప్పేది 44 పాయింట్లు. మెనూలకి అది చాలు. జంప్, ఫైర్ లాంటివాటికి ఇంకా పెద్దది కావాలి, పైగా కనిపించే బొమ్మకన్నా నొక్కుడు పడే చోటు విశాలంగా ఉండాలి.

ఇప్పుడు అసలు విషయం. మామూలు యాప్ బటన్ వేలు ఎత్తాక పనిచేస్తుంది. మెనూలో అదే మంచిది, మనసు మారితే వేలు పక్కకి జరిపి తప్పించుకోవచ్చు. జంప్ అలా పెడితే మాత్రం గేమ్ బద్ధకంగా అనిపిస్తుంది, సెకనుకి 60 ఫ్రేముల గేమ్‌లో ఒక్కో ఫ్రేముకి సుమారు 16.7 మిల్లీసెకన్లే, వేలు ఎత్తేలోపు ఎన్ని ఫ్రేములు పోతాయో మీరే లెక్కేసుకోండి. వేలు తగలగానే ఎగరాలి. స్వైప్ కూడా అంతే, కొంత దూరం దాటగానే పని జరగాలి. ఆ దూరాన్ని పిక్సెళ్లలో కొలవొద్దు, ఫోను ఫోనుకీ మారిపోతుంది, మిల్లీమీటర్లలో కొలవండి.

కాస్త దయ కూడా చూపించాలి. హీరో నేలని తాకడానికి కాస్త ముందే ఆడేవాడు జంప్ నొక్కాడనుకోండి, ఆ నొక్కుడుని గుర్తుపెట్టుకుని తాకగానే ఎగరనివ్వండి. హీరో గట్టు అంచు దాటిన వెంటనే నొక్కినా ఒప్పుకోండి, దీన్నే కొయోటీ టైమ్ అంటారు. ఈ రెండు వెసులుబాట్లకీ 100 మిల్లీసెకన్ల దగ్గర మొదలెట్టి ఆడి చూసి మార్చుకోండి. ఇలా సాయం చేస్తున్నారని ఎవడూ కనిపెట్టడు, "నేను భలే ఆడుతున్నా" అనుకుంటాడు.

ఆండ్రాయిడ్ 10 నుంచి, బటన్ల బదులు జెశ్చర్ నావిగేషన్ పెట్టుకున్న ఫోన్లలో స్క్రీన్ పక్క అంచు నుంచి వేలు లోపలికి లాగితే బ్యాక్ కొడుతుంది. బాస్ ఫైట్ మధ్యలో గేమ్ మూసుకుపోతే ఆ కోపం మీమీదే, కాబట్టి కంట్రోల్స్‌ని అంచుకి కాస్త లోపలికి జరపండి.

నొక్కినట్టు తెలియాలంటే మెరుపు వేలి చుట్టూ రావాలి, వేలి కిందే వస్తే ఎవరికి కనిపిస్తుంది? వైబ్రేషన్ దెబ్బ తగిలినప్పుడు చాలు, ప్రతి జంపుకీ వద్దు, ఆపుకునే ఆప్షనూ ఇవ్వండి. బటన్లని జరుపుకునే సెట్టింగ్ కూడా ఉంటే ఎడమచేతి వాటం వాళ్లు మిమ్మల్ని తిట్టుకోరు.