రాయి కొనేముందు నీళ్లు పోసి చూడండి

పర్లాకిమిడి, రాయగడ వైపు తోటల పని చేసేవాళ్లకు ఒక మాట. బాటకి తాండూరు రాయో, కడప రాయో కొనడానికి షోరూమ్‌కి వెళ్తే ఒక నీళ్ల సీసా, ఒక నిమ్మకాయ తీసుకెళ్లండి. లైట్ల కింద మెరిసే ముక్క చూసి అడ్వాన్స్ ఇచ్చేయకండి.

రాయి మీద నీళ్లు పోసి, చెప్పు విప్పి, పాదంతో రుద్ది చూడండి. జర్రున జారితే అది వాకిట్లోకి పనికిరాదు. మన దగ్గర వానాకాలంలో పాచి కూడా పడుతుంది. ఇంట్లో పెద్దవాళ్లుంటే మరీ ప్రమాదం. గరుకు రాయి గానీ, ఫ్లేమ్ చేసిన (మంటతో కాల్చి పైభాగం గరుకు చేసిన) గ్రానైట్ గానీ అడగండి.

తర్వాత ఓ విరిగిన ముక్క అడిగి, దాని మీద నిమ్మరసం పిండండి. సన్నటి బుడగలొచ్చి, తుడిస్తే మెరుపు పోయిందంటే అది సున్నపురాయి. వేసుకోవచ్చు, కానీ యాసిడ్‌తో కడగొద్దని ఇంటివాళ్లకు ముందే చెప్పాలి.

అసలు సరుకు గోడౌన్‌లోనే చూడండి. నాలుగైదు పలకల మందం టేపుతో కొలవండి. ఒకే లాట్‌లో, అంటే ఒకేసారి వచ్చిన సరుకులో, 10 శాతం ఎక్కువే తీసుకోండి. నాకోసారి ఆరు పలకలు తక్కువై మళ్లీ తెచ్చాను. రంగు కలవలేదు. గేటు పక్కన ఆ అతుకు ఇప్పటికీ కనిపిస్తూనే ఉంది.