మిక్సీ సర్దేముందు దాని అడుగున స్టిక్కర్ చూడండి

గుంటూరు బ్రాడీపేటలో మా ఇంట్లో కూర్చుని రాస్తున్నా. బాబాయి కూతురు ఆగస్టులో చదువుకి డల్లాస్ వెళ్తోంది. 23 కిలోల పెట్టెలు రెండే, పిన్ని తీసిపెట్టిన సామాను చూస్తే మాత్రం మినీ లారీ మాట్లాడాలి. అందులో కొత్త మిక్సీ, రైస్ కుక్కర్, ఇస్త్రీపెట్టె కూడా ఉన్నాయి. ఎనిమిదేళ్ళ కింద నేనూ విజయవాడ బీసెంట్ రోడ్డంతా తిరిగి ఇవే కొనుక్కెళ్ళాను కాబట్టి, నేను పడ్డ తిప్పలు మీరు పడకుండా నాలుగు మాటలు.

మన కరెంటు 230 వోల్టులు, అమెరికాలో 120. అడాప్టర్ అనేది పిన్నుల ఆకారం మారుస్తుంది తప్ప వోల్టేజీని మార్చదు, అప్పట్లో ఈ సంగతి నాకు తెలీదు. ప్రతి వస్తువుకీ అడుగునో వెనకో చిన్న స్టిక్కర్ ఉంటుంది. దాని మీద 100-240 అని ఉంటే ధైర్యంగా తీసుకెళ్ళండి, ఫోన్, ల్యాప్‌టాప్ చార్జర్లు దాదాపు అన్నీ ఇలాంటివే. ఒక్క 230 మాత్రమే ఉంటే ఇక్కడే వదిలేయండి.

నేను వదల్లేదు. వెళ్ళిన మొదటి ఆదివారం రైస్ కుక్కర్ పెట్టి ముప్పావుగంట తర్వాత మూత తీస్తే, గోరువెచ్చటి నీళ్ళలో బియ్యం తీరిగ్గా నానుతున్నాయి. వోల్టేజీ సగమైతే వేడి సగం కాదు, నాలుగో వంతుకి పడిపోతుంది. రూమ్మేటు తొంగిచూసి "ఇంకాసేపు ఆగితే దోసెలకి రుబ్బుకోవచ్చు" అన్నాడు. మిక్సీ కోసం ట్రాన్స్‌ఫార్మర్ కొన్నా, అది మిక్సీ కంటే బరువు. మిక్సీ లేకపోతే పచ్చడి ఎలా అంటారా, 110 వోల్టుల మోడల్ (అమెరికా 120కి అదే నడుస్తుంది) అని అడిగి మరీ కొనండి, ప్రీతి లాంటి కంపెనీలు అమెరికా కోసం విడిగా చేస్తున్నాయి.

తిరిగొచ్చేటప్పుడూ ఇదే లెక్క, కాకపోతే తిరగేసి. అక్క అడిగిందని అక్కడి హెయిర్ డ్రయ్యర్ తెచ్చాను, ఇక్కడ ప్లగ్గులో పెడితే నాలుగింతల వేడెక్కి నిమిషంలో పొగ. అక్క ఇప్పటికీ దెప్పుతుంది.

తీసుకెళ్ళాల్సినవి వైరు లేనివి. స్టీలు కుక్కర్, ఇడ్లీ రేకులు, ముఖ్యంగా కుక్కర్‌కి రెండు గాస్కెట్లు, ఒక వెయిట్ ఎక్స్‌ట్రా. అక్కడ ఇండక్షన్ స్టవ్ తగిలితే మామూలు అల్యూమినియం గిన్నె వేడెక్కదు, కొనేటప్పుడే అడుగుకి అయస్కాంతం ఆనించి చూడండి, అంటుకుంటే సరే. పవర్ బ్యాంక్ పెద్ద పెట్టెలో పెట్టనివ్వరు, చేతి బ్యాగులోనే ఉండాలి, 20,000 ఎంఏహెచ్ దాకా ఇబ్బంది లేదు.

ఇక పోపు. మన గుంటూరు ఎండుమిర్చి నూనెలో పడిందంటే సీలింగ్ మీది స్మోక్ అలారం అపార్ట్‌మెంటంతా వినపడేలా అరుస్తుంది. పొయ్యి వెలిగించకముందే కిటికీ తీసి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసుకోండి. కొంతమంది అలారానికి ప్లాస్టిక్ కవరు కడతారు, బ్యాటరీ పీకేస్తారు. ఆ పని వద్దు, అక్కడి ఇళ్ళు ఎక్కువగా చెక్కవి, అంటుకుంటే ఆరవు.

అక్కడికి వెళ్ళాక మొదటి నెలలో ఏదీ కొత్తది కొనకండి. టీవీ, మానిటర్, మైక్రోవేవ్ ఊరు మారేవాళ్ళు సగం ధరకి ఇచ్చేస్తారు, ఊరికే ఇచ్చేవాళ్ళూ ఉంటారు. మరీ కొత్తదే కావాలంటే నవంబరు చివర్లో వచ్చే థ్యాంక్స్ గివింగ్ సేల్ దాకా ఆగండి. రోబో వాక్యూమ్ మోజు అందరికీ ఉంటుంది, కానీ ముగ్గురున్న గదిలో అది చార్జర్ వైర్లు చుట్టుకుని ఓ మూల ఆగిపోవడమే, దానికి డబ్బులు దండగ అని నా అభిప్రాయం.

ఫోన్ ఇక్కడే కొని తీసుకెళ్ళడం నయం. అక్కడ అమ్మే ఐఫోన్లలో 2022లో వచ్చిన 14 నుంచి సిమ్ పెట్టే చోటే లేదు, అంతా ఈసిమ్, అంటే కార్డు లేకుండా ఫోన్‌లోనే ఉండే సిమ్. మీ ఇక్కడి సిమ్‌కి బయల్దేరే ముందే రోమింగ్ ఆన్ చేయించుకుని డేటా రోమింగ్ ఆపేయండి, లేకపోతే బ్యాంకు ఓటీపీ కోసం అర్ధరాత్రి నాన్నని లేపాల్సొస్తుంది.

మిక్సీ, కుక్కర్ నిన్న పెట్టెలోంచి తీయించాను. ఇస్త్రీపెట్టె మీద మాత్రం పిన్ని ఇంకా చెయ్యి వెయ్యనివ్వడం లేదు.