తాళం తిప్పినా ఇంజిన్ నీరసంగా తిరుగుతోందా? ముందు బ్యాటరీ టెర్మినళ్లు చూడండి

వరంగల్ ఎండలకు కారు బ్యాటరీ త్వరగా క్షీణిస్తుందన్నది నిజమే గాని, ఉదయం స్టార్ట్ కాని ప్రతిసారీ కొత్తది కొనవలసిన అవసరం లేదు. హన్మకొండలో మా కారు మొరాయించినప్పుడు బానెట్ ఎత్తి చూస్తే, బ్యాటరీ టెర్మినళ్ల (వైర్ల క్లాంపులు బిగించే ప్లస్, మైనస్ కొనల) మీద తెల్లని పొడి పేరుకొని ఉంది. కరెంటును అడ్డుకునే ఆ పొడిని తీసేస్తే చాలాసార్లు సరిపోతుంది. ఇంజిన్ ఆపి, చేతులకు గ్లౌజులు వేసుకొని, స్పానర్‌తో ముందు మైనస్ క్లాంపును, తరువాత ప్లస్ క్లాంపును విప్పి, వేడినీళ్లలో కలిపిన వంటసోడాతో పాత బ్రష్ పెట్టి రుద్ది, పూర్తిగా ఆరాక ప్లస్‌ను ముందు, మైనస్‌ను చివర బిగించి, పైన పలుచగా వాజెలిన్ రాయాలి. దయచేసి ఈ వరుస తప్పకండి. మైనస్ విప్పకుండా ప్లస్‌ను విప్పేటప్పుడు స్పానర్ కారు బాడీకి తగిలితే షార్ట్ సర్క్యూట్ అవుతుంది. రాత్రంతా ఆపి ఉంచిన కారులో మల్టీమీటరు (వోల్టేజీ కొలిచే పరికరం) బ్యాటరీ మీద సుమారు 12.6 వోల్టులు చూపితే బ్యాటరీ నిండుగా ఉన్నట్టే.