ఊరి కళాకేంద్రంలో ముద్రణ చిత్రాల ప్రదర్శన ఏర్పాటు చేసే విధానం

ముద్రణ చిత్రాల ప్రదర్శనకు వచ్చినవారిలో చాలామంది గోడ మీది బొమ్మను కాసేపు చూసి, దాని అడుగున పెన్సిలుతో రాసిన 7/25 అనే అంకెను గమనించి, "అసలు బొమ్మ ఎక్కడుందండీ, ఇది దాని కాపీయేనా?" అని అడుగుతారు. అది తప్పుపట్టవలసిన ప్రశ్న కాదు. ప్రింటు అనగానే మనకు కరపత్రమో జిరాక్సు కాగితమో గుర్తుకు రావడం సహజం. కాని చిత్రకారుడు చెక్క మీద, లినోలియం (ఉలితో చెక్కడానికి వీలైన మెత్తని షీటు) మీద, రాగి లేదా జింకు రేకు మీద, సున్నపురాయి మీద తన చేతితో బొమ్మను సిద్ధం చేసి, సిరా పట్టించి, కాగితం మీద ఒత్తి తీసిన ప్రతి ఒక్కటీ అసలు బొమ్మే. దాని వెనుక వేరే అసలు ఉండదు. చిత్రకళతో పెద్దగా పరిచయం లేని ఇరుగుపొరుగువారు, బడిపిల్లలు వచ్చే కళాకేంద్రంలో ఈ సంగతి మాటల అవసరం లేకుండానే కళ్లకు కనిపించేలా ప్రదర్శనను అమర్చాలి. కింద చెప్పిన ఏర్పాట్లలో ఎక్కువ భాగం అందుకోసమే.

మొదట గోడలను కొలవాలి. ఫ్రేముతో కలిపి ఒక్కో చిత్రం వెడల్పు రమారమి అడుగున్నర నుంచి రెండడుగులు ఉంటుంది. చిత్రానికీ చిత్రానికీ మధ్య ఒక అడుగు ఖాళీ విడిచిపెడితే 60 అడుగుల గోడకు ఇరవై, ఇరవై రెండు చిత్రాలకు మించి పట్టవు. అడిగినవారిని కాదనలేక నలభై వేలాడదీసిన ప్రదర్శనలను చూశాను. వాటిలో ఏ ఒక్క చిత్రమూ మనసులో నిలవదు. ఎంపికలో కనీసం నాలుగు పద్ధతులకు చోటివ్వండి. చెక్కేశాక ఉబ్బెత్తుగా మిగిలిన భాగం మీది సిరా కాగితానికి అంటుకునే ఉడ్‌కట్, లినోకట్. రేకులో ఆమ్లంతో కొరికించిన గీతల్లో దిగిన సిరాను ప్రెస్సు ఒత్తిడితో కాగితం పీల్చుకునే ఎచింగ్. నూనె, నీరు కలవవన్న సూత్రం మీద రాతి నుంచి తీసే లితోగ్రాఫ్. బట్టలోంచి సిరాను నెట్టే స్క్రీన్ ప్రింట్. చివరిదాన్ని మన ఊళ్లలో శుభలేఖలు వేసే దుకాణాల్లో అందరూ చూసే ఉంటారు కాబట్టి, దాన్ని ప్రవేశద్వారం దగ్గర పెడితే పరిచయం సులువవుతుంది.

చిత్రాలు సేకరించడానికి కనీసం మూడు నెలల వ్యవధి పెట్టుకోవాలి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని సరోజినీ నాయుడు స్కూల్ వంటి చోట్ల ముద్రణ కళ చదువుకుంటున్న విద్యార్థులూ, చెన్నైలోని లలిత కళా అకాడమీ ప్రాంతీయ కేంద్రంలో పనిచేసే కళాకారులూ పద్ధతిగా అడిగితే చిత్రాలు ఇవ్వడానికి సాధారణంగా ముందుకు వస్తారు. ఒక్కో చిత్రానికి ఒక రసీదు రాయండి. అందులో చిత్రం పేరు, పద్ధతి, ప్రతి సంఖ్య (7/25 వంటిది), కాగితం కొలత, విలువ, అందుకున్ననాటి స్థితి ఉండాలి. మూల మడత పడిందా, మరక ఉందా అన్నది చిత్రకారుడి ఎదుటే చూసి రాసుకుని ఫొటో తీసుకుంటే, తిరిగి ఇచ్చేటప్పుడు మాటపట్టింపులు రావు.

మన ప్రాంతపు కళాకారుల గురించి ఒక ప్యానెల్ తప్పక పెట్టమని కోరతాను. చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి శాంతినికేతన్‌లో చదువుకుని, పారిస్ వెళ్లి, స్టాన్లీ విలియం హేటర్ నడిపిన అతెలియే 17 అనే ముద్రణశాలలో పనిచేశారు. ఒకే రేకును వేర్వేరు లోతుల్లో చెక్కి, సిరాల్లో నూనె పాళ్లు మార్చి వాటి చిక్కదనంలో తేడా తెచ్చి, మెత్తని రోలరుతో ఒకటి, గట్టి రోలరుతో మరొకటి పట్టించి, అనేక రంగులను ఒకే ఒత్తుడులో కాగితం మీదికి తెచ్చే విధానం అక్కడ రూపుదిద్దుకోవడంలో ఆయనది ప్రధాన పాత్ర. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన లక్ష్మాగౌడ్ తెలంగాణ పల్లె మనుషులను, మేకలను, చెట్లను ఎచింగ్ గీతలోకి తెచ్చారు. ప్రపంచం గుర్తించిన ఇద్దరు ముద్రణ కళాకారులు మన పల్లెల నుంచే వచ్చారని తెలిసినప్పుడు, చూడవచ్చిన కుర్రవాడు తన ముందున్న చిత్రాన్ని మరోసారి తీరిగ్గా చూస్తాడు.

ఇక అన్నిటికన్నా జాగ్రత్తగా చేయవలసిన పని ఫ్రేము కట్టించడం. పటాలు కట్టే దుకాణంలో ఇచ్చేసి వస్తే, వారు అలవాటు ప్రకారం కాగితం అంచులు కోసి, అట్టకు జిగురు రాసి అంటించి, నేరుగా అద్దం ఆనించి ఇచ్చే ప్రమాదం ఉంది. ఈ మూడూ చిత్రాన్ని పాడుచేసేవే. అంచులు చిత్రంలో భాగం. సంతకం, సంఖ్య ఉండేది అక్కడే, రేకు ఒత్తుకున్న గాడి కనిపించేదీ అక్కడే. అందువల్ల మౌంటు బోర్డులో, అంటే అద్దానికీ చిత్రానికీ మధ్య పెట్టే మందపాటి అట్టలో, కోసే కిటికీ ఆ గాడి చుట్టూ అర అంగుళమైనా తెల్లదనం విడిచిపెట్టాలి, అడుగున సంతకం కనిపించేలా మరికొంత ఎక్కువ విడవాలి. బోర్డు ఆమ్లం లేనిదై ఉండాలి. మామూలు అట్టలోని ఆమ్లం కొన్నేళ్లకు కాగితం మీద గోధుమరంగు చారగా దిగుతుంది. సెల్లో టేపు, ఫెవికాల్ దగ్గరకు రానివ్వకూడదు. నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒక లినోకట్‌ను వెనుక టేపు వేసి నిలబెట్టాను; ఆ టేపు జిగురు కాగితంలోకి ఇంకి ముందువైపుకు మచ్చగా వచ్చింది. దాన్ని సరిచేయడం ఎవరి వల్లా కాలేదు, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. శుద్ధి చేసిన గోధుమ స్టార్చిని నీళ్లలో ఉడికించిన జిగురుతో, సన్నని జపాన్ కాగితపు ముక్కలు రెండింటిని చిత్రం పై అంచుకు మాత్రమే అతికించి వేలాడదీయడం సరైన పద్ధతి. అప్పుడు గాలిలోని తేమను బట్టి కాగితం సాగినా ముడుచుకున్నా ఇబ్బంది ఉండదు, తరువాత నీటి తడితో ఆ అతుకు విడిపోతుంది. అద్దానికీ చిత్రానికీ మధ్య మౌంటు బోర్డు మందమంత ఖాళీ ఉండి తీరాలి.

ఖర్చులో పెద్ద వాటా ఫ్రేములదే. కేంద్రం రెండే రెండు కొలతల్లో పాతిక ఫ్రేములు ఒకసారి చేయించుకుని, ప్రతి ప్రదర్శనకూ మౌంటు మాత్రమే మార్చుకోవడం నాకు తెలిసినంతలో అన్నిటికన్నా పొదుపైన మార్గం.

కోస్తాలో ఉన్నవారు కాలాన్ని కూడా చూసుకోవాలి. తుపానుల రోజులు గడిచాక, డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి వరకు ప్రదర్శనకు అనువైన సమయం. కాగితానికి నిలకడైన 50 శాతం తేమ మేలు చేస్తుంది. పగలంతా ఏసీ వేసి రాత్రి ఆపేయడం వల్ల వచ్చే హెచ్చుతగ్గులు అసలు ఏసీ లేకపోవడం కన్నా ఎక్కువ హాని చేయవచ్చు. కొత్తగా రంగు వేసిన గోడ పూర్తిగా ఆరనిదే చిత్రాలు తగిలించవద్దు. ఫ్రేము వెనుక కింది రెండు మూలల్లో చిన్న కార్కు ముక్కలు అంటిస్తే గోడకూ చిత్రానికీ మధ్య గాలి ఆడుతుంది.

వెలుతురు విషయంలో సాధారణంగా పాటించే హద్దు 50 లక్సులు. సెల్‌ఫోనులోని కొలిచే యాప్‌తో సుమారుగా చూసుకోవచ్చు. కిటికీలకు మందపాటి తెరలు వేసి, గోడకు కాస్త దూరంగా పైనుంచి ఎల్ఈడీ దీపాలు వాలుగా పెడితే సరిపోతుంది. వాలు వెలుతురులో రేకు ఒత్తుడు, సిరా ఉబ్బు స్పష్టంగా తేలుతాయి, అద్దంలో ట్యూబులైటు ప్రతిబింబం పడదు. చిత్రం మధ్యభాగం నేల నుంచి 147 సెంటీమీటర్ల ఎత్తున, అంటే సుమారు నాలుగడుగుల పది అంగుళాల దగ్గర ఉండాలి. పెద్ద చిత్రాలకూ చిన్నవాటికీ పై అంచు కాక మధ్యభాగమే లెక్క.

చీటీ మీద చిత్రకారుడి పేరు, చిత్రం పేరు, సంవత్సరం, పద్ధతి, ప్రతి సంఖ్య రాసి, కింద రెండు వాక్యాల్లో అది ఎలా తయారైందో తేలిక తెలుగులో చెప్పండి. 7/25 అంటే మొత్తం తీసిన ఇరవై ఐదింటిలో ఏడవది అని అర్థం. ఏడవదానికి ఇరవయ్యవదానికన్నా విలువ ఎక్కువని కాదు. సూదితో రేకును గీరి తీసే డ్రైపాయింట్‌లో మాత్రం గీత అంచున లేచిన లోహపు నూగు ప్రతి ఒత్తుడుకూ అరిగిపోతుంది కనుక, మొదటి ప్రతుల్లో నలుపు మరింత మెత్తగా, గాఢంగా ఉంటుంది. సంఖ్యకు బదులు ఆర్టిస్ట్ ప్రూఫ్ అని ఉంటే అది చిత్రకారుడు తన కోసం ఉంచుకున్న ప్రతి. ఈ మూడు సంగతులు ప్రవేశద్వారం దగ్గర ఒక బోర్డు మీద పెద్ద అక్షరాల్లో ఉంటే, మొదట చెప్పిన ప్రశ్నకు సగం జవాబు దొరికినట్లే.

మిగతా సగం బల్ల మీద దొరుకుతుంది. హాలు మధ్యలో ఒక బల్ల వేసి, గోడ మీదున్న చిత్రాల్లో కనీసం మూడింటి అచ్చుదిమ్మెలను, రేకులను చిత్రకారుల నుంచి అడిగి తెచ్చి పెట్టండి. ప్రతులన్నీ తీశాక మళ్లీ తీయడానికి వీలులేకుండా అడ్డగీత గీసిన రేకు దొరికితే మరీ మంచిది. పరిమిత ప్రతులు అనే మాటకు దానికి మించిన సాక్ష్యం లేదు. పెడనలో కలంకారీ వస్త్రాలకు వాడే టేకు అచ్చులను రెండింటిని, ఒకటి గీత కోసం, ఒకటి రంగు నింపడం కోసం చెక్కినవాటిని, ఉడ్‌కట్ దిమ్మె పక్కన ఉంచితే పెద్దగా వివరించే పని ఉండదు.

అదే బల్ల దగ్గర ఆదివారాలు ఎవరైనా ఒక లినోకట్ తీసి చూపించాలి. దీనికి ప్రెస్సు అక్కర్లేదు. లినోలియం ముక్క, రెండు మూడు చెక్కుడు ఉలులు, అద్దపు పలక, రబ్బరు రోలరు, నీటితో కడిగే సిరా, పలుచని కాగితం, వెనుకవైపుతో రుద్దడానికి ఒక స్టీలు చెంచా చాలు. వచ్చినవారిని తమ పేరులోని మొదటి అక్షరం చెక్కమనండి. కాగితం ఎత్తి చూసి అక్షరం తిరగబడిందని తెలిసినప్పుడు, ముద్రణ కళాకారుడు ప్రతి బొమ్మనూ అద్దంలో చూసినట్లు ఊహించుకుని చెక్కాలన్న సంగతి వారికి ఒక్కసారిగా బోధపడుతుంది. ఉలిని ఎప్పుడూ ఒంటికి దూరంగా నెట్టాలి, లినోలియం ముక్కను పట్టుకున్న చేయి ఉలి మొనకు వెనుకే ఉండాలి. పదేళ్ల లోపు పిల్లలకు ఉలి ఇవ్వకుండా బెండకాయ, బంగాళాదుంప ముక్కలు ఇవ్వండి. ఎచింగ్‌కు వాడే నత్రికామ్లాన్ని మాత్రం జనం మధ్య ఎన్నడూ తెరవకూడదు. ఆ పద్ధతిని వివిధ దశల్లో ఆపిన రేకులతో, వాటి నుంచి తీసిన నమూనా ప్రతులతో చూపితే చాలు.

అమ్మకం ఉంటే ధర, కేంద్రానికి వచ్చే వాటా ముందే కాగితం మీద రాసుకోవాలి. మూడు వారాలు గడిచాక చిత్రాలు దించి, ఫ్రేములోంచి తీసి, తేమ ఏమైనా చేరిందేమో రసీదుతో సరిచూసుకుని, ఆమ్లం లేని పలుచని కాగితం మధ్య పరిచి, రెండు గట్టి అట్టల నడుమ బల్లపరుపుగా పెట్టి పంపాలి. చుట్ట చుట్టి గొట్టంలో పెడితే ఎచింగ్‌లో రేకు ఒత్తిన గాడి అణిగిపోయే ప్రమాదం ఉంది.