కెర్నెల్ నెట్‌వర్క్ కోడ్‌లో పర్మిషన్ చెక్ తప్పుల్లేకుండా రాయడం ఎలా?

పర్మిషన్ చెక్ అంటే రెండు లైన్ల ఇఫ్ కదా అనిపిస్తుంది, కానీ తప్పులు దొర్లేది ఆ రెండు లైన్లలోనే.

ముందు కోడ్ జోలికి వెళ్లకండి. ఎవరిని లోపలికి రానివ్వాలో మామూలు మాటల్లో ఒక వాక్యం రాసుకోండి. లినక్స్‌లోని టన్ (TUN) డివైస్‌నే, అంటే సాఫ్ట్‌వేర్‌తో చేసిన నెట్‌వర్క్ కార్డునే చూడండి, దానికి ఒక ఓనర్‌నీ ఒక గ్రూపునీ పెట్టొచ్చు. రెండూ పెట్టినప్పుడు ఓనర్ అయితే చాలా, గ్రూపులో కూడా ఉండాలా? అసలు ఏదీ పెట్టకపోతే? ఇవి తేల్చకుండా మొదలుపెడితే ఆ నిర్ణయం మీ బదులు || ("లేదా") గుర్తు తీసుకుంటుంది.

తర్వాత ఆ వాక్యాన్ని తిరగేయాలి, ఎందుకంటే కెర్నెల్‌లో మనం ఎక్కువగా రాసేది "కుదరదు" అనే షరతు. "ఓనర్ లేదా అడ్మిన్ అయితే సరే" అన్నదాన్ని తిరగేస్తే "ఓనర్ కాదు, అడ్మిన్ కూడా కాదు" అవుతుంది, అంటే || కాస్తా && ("రెండూ") కావాలి. చాలామంది ముందు ! ("కాదు") తగిలించి || ని అలాగే వదిలేస్తారు, దాంతో అసలు ఓనర్‌కే ఈపెర్మ్ (EPERM, "అనుమతి లేదు") ఎర్రర్ వస్తుంది. అదైనా నయం, ఎవరో ఒకరు వెంటనే గోల చేస్తారు. పొరపాటున తెరిచి ఉంచిన తలుపు గురించి మాత్రం ఎవరూ ఫిర్యాదు చెయ్యరు!

రిటర్న్ విలువలు కూడా చూసుకోండి: లినక్స్‌లో ఫలానా అధికారం ఉందా అని చూసే కేపబుల్ (capable) ఫంక్షన్ ట్రూ ఇస్తే అనుమతి ఉన్నట్టు, సెక్యూరిటీ మాడ్యూళ్లని అడిగే సెక్యూరిటీ హుక్‌లు మాత్రం 0 ఇస్తే ఉన్నట్టు.

ఇక అడ్మిన్ అంటే ఎక్కడి అడ్మిన్? 2013లో వచ్చిన 3.8 కెర్నెల్ నుంచి మామూలు యూజర్ కూడా, సిస్టమ్‌లో అడ్డుకోకపోతే, సొంత యూజర్ నేమ్‌స్పేస్ (యూజర్లూ అధికారాలూ విడిగా ఉండే ఒక గది లాంటిది) తయారు చేసుకుని అందులో రూట్, అంటే అన్ని అధికారాలున్న యూజర్ అయిపోవచ్చు. కాబట్టి ఆ నెట్‌వర్క్ నేమ్‌స్పేస్‌కే పరిమితమైన సెట్టింగ్ అయితే ఆ నేమ్‌స్పేస్ వరకే అధికారం చూసే ఎన్ఎస్ కేపబుల్ (ns_capable) వాడండి, మొత్తం మెషీన్‌ని తాకేదైతే కేపబుల్‌నే ఉంచండి.

అన్నిటికన్నా మోసం చేసేది ఎవరి హక్కులు చూస్తున్నామన్నది. సీవీఈ-2014-0181 అనే నంబరుతో నమోదైన భద్రతా లోపం సంగతి ఇదే: నెట్‌లింక్ సాకెట్‌ని (ప్రోగ్రాములు కెర్నెల్‌తో మాట్లాడే దారిని) మామూలు యూజర్ తెరిచి, దాన్ని ఒక సెట్‌యూఐడీ ప్రోగ్రామ్‌కి (ఎవరు నడిపినా రూట్ హక్కులతో నడిచేదానికి) అవుట్‌పుట్‌గా అంటగడితే, రాసింది రూట్ కదా అని కెర్నెల్ ఒప్పేసుకునేది. అందుకే రాసినవాడితో పాటు సాకెట్ తెరిచినవాడి హక్కులు కూడా చూడటానికి నెట్‌లింక్ కేపబుల్ (netlink_capable) లాంటి ఫంక్షన్లు వచ్చాయి.

చివరగా టెస్ట్. ఓనర్, గ్రూపు, అడ్మిన్ అని మూడు ప్రశ్నలుంటే 8 కేసులు, ఓనర్‌నీ గ్రూపునీ అసలు పెట్టని కేసులు వీటికి అదనం. అన్నీ నడపండి, ముఖ్యంగా "రాకూడదు" అనుకున్నవి.