ట్రాన్స్‌మిట్‌లో పవర్ లేదా? ముందు ఆ ప్రీసెట్ మీద నుంచి చెయ్యి తీయండి

వైర్‌లెస్ సెట్ బాగానే వింటుంది, పీటీటీ (మాట్లాడేటప్పుడు నొక్కే బటన్) నొక్కితే మాత్రం పవర్ రాదు. లేదా వస్తుంది గానీ నిమిషంలో డ్రైవర్ (చివరి పవర్ ట్రాన్సిస్టర్, అంటే ఫైనల్‌కి ముందుండే స్టేజి) కాలిపోయేంత వేడెక్కుతుంది. ఇలాంటి సెట్లు నా బల్ల మీదికి వచ్చేసరికి ఎవరో ఒకరు బయాస్ ప్రీసెట్ (ట్రాన్సిస్టర్ నిలకడ కరెంటుని సరిచేసే చిన్న తిప్పుడు రెసిస్టర్) తిప్పేసే ఉంటారు. అసలు రోగానికి తోడు నాకు ఇంకో రోగం.

మొదట చూడాల్సింది ట్రాన్స్‌మిట్ లైన్, అంటే ట్రాన్స్‌మిట్ స్టేజిలకి వెళ్లే సప్లై. యాంటెన్నా బదులు డమ్మీ లోడ్ తగిలించి, పీటీటీ నొక్కి పట్టుకుని, అనుమానం ఉన్న స్టేజి దగ్గరే వోల్టేజీ కొలవండి. బ్యాటరీ దగ్గర కొలిచి "వస్తోంది" అంటే కుదరదు. చాలా సెట్లలో ఈ లైన్ పీటీటీ నొక్కినప్పుడే ఒక స్విచింగ్ ట్రాన్సిస్టర్ గుండా వస్తుంది. అదే రాకపోతే బయాస్ ఎక్కడి నుంచి వస్తుంది?

లైన్ ఉంటే, వెనకాల నుంచి వచ్చే డ్రైవ్ (ముందు స్టేజి ఇచ్చే సిగ్నల్) ఆపి, ఆ స్టేజి ట్రాన్సిస్టర్ బేస్, ఎమిటర్, కలెక్టర్ వోల్టేజీలు కొలవండి. డ్రైవ్ ఉండగా డీసీ మీటర్ చూపేది నమ్మొద్దు.

బేస్ సున్నా: పై రెసిస్టర్ ఓపెన్, లేదా బేస్ గ్రౌండ్‌కి షార్ట్. అయితే ఎఫ్ఎం సెట్లలో క్లాస్ సి (బయాస్ లేకుండా, డ్రైవ్‌తోనే పనిచేసే) ఫైనల్ ట్రాన్సిస్టర్‌కి బేస్ మీద సున్నా ఉండటమే సరైనది, డ్రైవ్ వస్తే నెగటివ్‌లోకి కూడా పోతుంది. దాన్ని బాగుచేయబోకండి.

బేస్‌కీ ఎమిటర్‌కీ మధ్య 1 వోల్టు దాటింది: ఆ జంక్షన్ ఓపెన్. ట్రాన్సిస్టర్ మార్చాల్సిందే.

బేస్, ఎమిటర్ రెండూ ఉండాల్సిన దానికంటే ఎక్కువ, వాటి మధ్య తేడా మాత్రం చక్కగా 0.7 వోల్టులు: నన్ను ఏడిపించింది ఇదే. ట్రాన్సిస్టర్ మార్చాను, రెసిస్టర్లు తీసి కొలిచాను, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కొత్త ట్రాన్సిస్టర్ కూడా అలాగే కాగింది. దొంగ ఎవరంటే, ముందు స్టేజి కలెక్టర్ నుంచి ఈ బేస్‌కి వచ్చే కప్లింగ్ కెపాసిటర్, సిగ్నల్‌ని వదిలి డీసీని ఆపాల్సినది. కింద పడిన సెట్‌లో సిరామిక్ చిప్‌కి కంటికి కనపడని పగులు వస్తుంది. దాంతో అది డీసీని కొద్దికొద్దిగా వదులుతుంది.

లెక్క చూడండి. 8 వోల్టుల లైన్, పైన 10 కిలోఓమ్‌లు, కింద 2.2 కిలోఓమ్‌లు, ఎమిటర్‌లో 100 ఓమ్‌లు అనుకుందాం. బేస్ మీద సుమారు 1.3 వోల్టులు ఉండాలి. కెపాసిటర్ 10 కిలోఓమ్‌లలా లీకైతే, ముందు కలెక్టర్ మీదున్న 8 వోల్టులు పై రెసిస్టర్‌కి పక్కన ఇంకో దారి దొరికినట్టు దిగుతాయి. బేస్ 2 వోల్టులు దాటుతుంది, కరెంటు రెట్టింపు కూడా దాటిపోతుంది.

మోసం ఎక్కడంటే, ఈ కెపాసిటర్ తీసి మల్టీమీటర్‌తో కొలిస్తే చాలాసార్లు బాగున్నట్టే చూపిస్తుంది. మీటర్ ఇచ్చే కొద్దిపాటి వోల్టేజీకి లీక్ బయటపడకపోవచ్చు. విలువ కూడా సరిగ్గానే ఉంటుంది. నేను అలా కొలిచి, మళ్లీ అదే ముక్కని పెట్టి సోల్డర్ చేశాను, రెండు సాయంత్రాలు పోయాయి. అందుకే కొలవకండి. ఒక చివర లేపి, డ్రైవ్ లేకుండానే పీటీటీ నొక్కి బేస్ చూడండి. వోల్టేజీ దిగొచ్చిందా, దోషి దొరికినట్టే. అదే విలువ, చాలినంత వోల్టేజీ రేటింగ్ ఉన్న కొత్తది వేయండి. ఎవరో తిప్పిన ప్రీసెట్‌ని ఆ తర్వాతే సర్వీస్ మాన్యువల్‌లో చెప్పిన కరెంటుకి తెచ్చిపెట్టండి, లేకపోతే కొత్త కెపాసిటర్ వేసినా తేడా అలాగే ఉంటుంది.

ఎస్ఎస్‌బీ (సింగిల్ సైడ్‌బ్యాండ్) సెట్‌లో వేడెక్కేకొద్దీ కరెంటు పెరుగుతుంటే బయాస్ డయోడ్ ఫైనల్‌కి ఆనుకుని ఉందో లేదో చూడండి. నకిలీ ట్రాన్సిస్టర్లు, బోర్డు లోపలి ట్రాక్ తెగడం కూడా ఉంటాయి గానీ, పైవన్నీ అయ్యాకే వాటి జోలికి వెళ్లండి.